మీటరు అబద్ధమాడలేదు

మా రాయికల్‌లోనే కాదు, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒక రకం కారు కనిపిస్తుంది. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో బూడిద రంగు కవరు, కవరు కింద కారు. కొన్నాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. సెలవు మీద వచ్చిన నెలా రెండు నెలలు ఆ బండి పెళ్లిళ్లకు, వేములవాడకు, ధర్మపురికి తిరుగుతుంది. ఆయన విమానం ఎక్కగానే మళ్లీ కవరు కిందికి పోతుంది.

2024లో అలాంటిదొకటి నేను కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, ఏపీ 15 నంబరు. జగిత్యాల జిల్లా కాకముందు, అసలు తెలంగాణే రాకముందు కరీంనగర్‌లో రిజిస్టరైన బండి. మీటరు మీద 19,400. ఆ అంకె చూసి మనసు పారేసుకున్నాను.

పారేసుకున్నా, బుద్ధి మాత్రం దగ్గరే ఉందనుకున్నాను. లాప్‌టాప్ తగిలిస్తే డిజిటల్ మీటరును ఎంతకైనా దించొచ్చని తెలుసు కాబట్టి పరిశోధన మొదలుపెట్టాను. బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు అరిగాయా? లేదు. స్టీరింగ్ నున్నబడి మెరుస్తోందా? లేదు. డ్రైవరు సీటు ఎక్కే వైపు నలిగిందా? అదీ లేదు. సర్వీసు పుస్తకంలో ముద్ర ముద్రకూ కిలోమీటర్లు వరుసగా పెరిగాయి. చివరి ముద్ర 2019ది. ఆ సంవత్సరం కంటికి కనిపించింది గానీ బుర్రకెక్కలేదు. మీటరు నిజమే చెబుతోందని తేలగానే కేసు గెలిచిన వకీలులా మీసం దువ్వాను.

నన్నెవరూ మోసం చేయలేదని ముందే చెప్పాలి. యజమాని మస్కట్‌లో ఉన్నాడు, బేరం మాట్లాడింది వాళ్ల నాయన. ఆ పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "కొడుకు వొయ్యి రెండేండ్లాయె బిడ్డా. నాకు నడుపరాదు. పక్కింటి పోరడు అప్పుడప్పుడు అచ్చి చాలు చేసి బందువెడుతడు. బండి అడుగు కదల్లే." ఆయన రోగం చెబుతుంటే నేను యోగం అనుకున్నాను. "గట్లనే ఉండాలె కాకా, గందుకే కొంటున్న" అని కూడా అన్నాను.

నేను వెళ్లేసరికి ఇంజను నడుస్తోంది. కొనేటాయన వస్తున్నాడని పొద్దున్నే చాలు చేయించి పెట్టారట. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకు అందుకుంటుందా, మొదటి పొగ ఏ రంగులో వస్తుంది, బ్యాటరీకి సత్తువ ఉందా, ఇవన్నీ తెలిసేది ఆ మొదటి నిమిషంలోనే. "బందువెట్టుండ్రి, రేపు పొద్దుగాల మళ్లస్త" అనొచ్చు. ఈలోపు ఇంకెవరో ఎగరేసుకుపోతారని భయం. తక్కువ తిరిగిందన్న ఒక్క కారణానికి బజారు ధర మీద 40 వేలు ఎక్కువ పెట్టి తెచ్చుకున్నాను.

తెచ్చి నేరుగా కొండగట్టుకు తీసుకుపోయాను. అంజన్న ముందు పూజ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు పెట్టడానికి నేనే వంగాను. నా ముఖానికి జానెడు దూరంలో, టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉన్నాయి: 3112. అంటే 2012లో 31వ వారంలో తయారైన టైరు. బండితో పాటు పుట్టినవే, నాలుగూ. అప్పుడు నాకు ఆ లిపి తెలియదు. గాట్లు లోతుగా ఉన్నాయి కదా అని మురిసిపోయి నిమ్మకాయ సర్దాను. ఇన్సూరెన్సు ముగిసి ఏడాది దాటిందన్న సంగతి ఇంటికొచ్చి కాగితాలు విప్పాకే చూశాను. థర్డ్ పార్టీ బీమా కూడా లేని బండిలో, పన్నెండేళ్ల టైర్ల మీద, ఇంటిల్లిపాదినీ కొండ ఎక్కించి దించాను. మిగతా వాటికి నవ్వుకుంటాను గానీ దీనికి నవ్వు రాదు.

పూజ ముందు, మెకానిక్ తర్వాత. కోరుట్లలో తెలిసిన భాయ్ దగ్గరికి తీసుకుపోతే టైరు పక్కన బొటనవేలి గోరు గుచ్చాడు. సన్నటి పగుళ్లలో గోరు దిగింది. "గాట్లుంటే ఏమాయె సార్, రబ్బరు సచ్చింది. ఎండకాలం హైవే మీద పేలుతది" అన్నాడు. తర్వాత ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీశాడు. లోపల మక్క గింజలు! ఎలుకలు యాసంగి పంటంతా అక్కడే దాచినట్టున్నాయి, కింద రెండు వైర్లు కూడా కొరికి పెట్టాయి. భాయ్ పిడికెడు గింజలు తీసి నా చేతిలో పోశాడు. "బండి ఊకెనే ఏం నిలవడలే సార్, గోదాం లెక్క నడిచింది."

అసలు దెబ్బ టైమింగ్ బెల్టు. ఈ ఇంజనుకు చైను కాదు, రబ్బరు బెల్టు. ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్నేళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని పుస్తకంలోనే ఉంది. కిలోమీటర్ల గడి చదివి, ఇంకా చాలా ఉందిలే అని మూసేశాను. ఏళ్ల గడి పక్కనే ఉంది. నడుస్తుండగా బెల్టు తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, సగం ఇంజను కొత్తది కొనుక్కోవాలి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ తాగి నల్లబడింది, దాన్ని రెండేళ్లకోసారి మార్చాలట. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయడంతో వెనక డ్రమ్ములు పట్టేశాయి. ఏసీ వాడక సీళ్లు ఎండి గ్యాసు పోయింది. ట్యాంకులో పాత పెట్రోలు, దాంట్లో ఇథనాల్ లాక్కున్న నీరు. అన్నీ కలిపి 60 వేలు దాటింది. నలభై ఎక్కువిచ్చాను కదా, దానితో కలిపితే లక్ష.

కాగితాల సంగతి వేరే కథ. ఫారం 29, 30 మీద సంతకం యజమానే పెట్టాలి. "నా కొడుకే కద బిడ్డా, నేను పెడ్త" అన్నాడు కాక. కుదరదు. రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాదం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే నేను ఎవరినైనా గుద్దితే మస్కట్‌లో ఉన్న ఆ పిల్లగాడు జవాబు చెప్పాలి. అతను సెలవు మీద వచ్చి సంతకాలు పెట్టేదాకా బండిని, ఎవరికి చెప్పుకోను, కవరు కప్పి షెడ్డులోనే ఉంచాను.

వచ్చాడు, పెట్టాడు, నా పేరు మీదికి మారింది. కొత్త ఆర్సీ చేతికొచ్చాక కింద తేదీ చూశాను: 2027. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే, అది బండి ఎంత తిరిగిందో అడగదు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్సు దాని మీద. ఈ లెక్క బేరంలో నేను వేసుకోలేదు. మా ఇంట్లో ఇంకా చెప్పనూ లేదు.