సీటు కుదరలేదు

హుజూరాబాద్‌లో సీటు అంటే ఒకటే అర్థం. 2021 జూన్‌లో ఈటల రాజేందర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసింది మొదలు అక్టోబర్ 30న పోలింగ్ ముగిసేదాకా, ఆ ఒక్క సీటు కోసం రాష్ట్రంలోని కార్లన్నీ ఈ ఊరి రోడ్ల మీదే తిరిగినట్టు అనిపించింది. నవంబర్ 2న ఫలితం వచ్చింది. సీటు మళ్లీ రాజేందర్‌దే అయింది. కార్లు ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి. ఖాళీ అయిన రోడ్డును చూసి ముచ్చటపడి ఈ వ్యాసకర్త అదే నెలలో ఒక కారు కొన్నాడు. 2023 డిసెంబర్‌లో అసెంబ్లీ సీటు పాడి కౌశిక్ రెడ్డి చేతికి మారింది. వ్యాసకర్త సీటు మారడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది.

కారుకు ఏ రోగమూ లేదు. 70 వేల కిలోమీటర్లు తిరిగినా ఒక్కనాడు మొరాయించలేదు. పెట్రోలు పొదుపుగానే తాగేది. ఒంటి మీద చెప్పుకోదగ్గ గీత లేదు. అలాంటి దాన్ని అమ్మకానికి పెట్టాడని తెలియగానే వాడకట్టులో పంచాయితీ మొదలైంది.

“యాక్సిడెంట్ గిట్ల అయిందా సారూ?”

“నంబర్ అచ్చిరాలేదా?”

“కిస్తులు బరువైతున్నయా?”

అన్నిటికీ ఆయన ఒకటే జవాబు చెప్పాడు. “సీటు కుదర్తలేదు.” ఎవరూ నమ్మలేదు. బావమరిది అయితే నవ్వాపుకోలేకపోయాడు. “సీటు కుదరకుంటే కవర్ మారుత్తరు గని, కారు మారుత్తరా బావా?”

తల్లి నవ్వలేదు, కోప్పడింది. “మీ బాపు నలభై ఏండ్లు బండి నొగ మీద కూసున్నడు. ఆయనకు లేని నడుం నొప్పి నీకెక్కడిదిరా?”

ఈ ప్రశ్నకు జవాబు ఉంది గానీ, అవ్వకు ఎదురు చెప్పే ధైర్యం లేక వ్యాసకర్త దాన్ని ఇక్కడ రాసుకుంటున్నాడు. ఎడ్లబండి తోలేవాడికి ఫలానా చోటనే కూర్చోవాలన్న నిబంధన లేదు. నొగ మీద కాళ్లు వేలాడేసుకుంటాడు, విసుగొస్తే వెనక్కి జరిగి చొప్ప మీద వాలిపోతాడు, నడుము పట్టేస్తే దిగి ఎడ్ల పక్కన నడుస్తాడు. ఇంటికి వచ్చేటప్పుడు నిద్రపోయినా ఎడ్లకు దారి తెలుసు. కారులో ఆ సౌకర్యాల్లో ఒక్కటీ లేదు. చేతులు ఇక్కడ, కాళ్లు అక్కడ, కళ్లు ముందుకు, బెల్టు బిగించి, గంటసేపు కదలకుండా కూర్చోవాలి. బళ్లో గోడకుర్చీ వేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అసలు తప్పు కొన్ననాడే జరిగింది. ఇంటిల్లిపాదీ కరీంనగర్ షోరూముకు వెళ్లారు. బావమరిది మైలేజీ అడిగాడు. బిడ్డ పాటల డబ్బా ఎంత గట్టిగా మోగుతుందో చూసింది. భార్య డిక్కీ తెరిపించి రెండు బియ్యం బస్తాలు పడతాయా లేదా అని కళ్లతోనే కొలిచింది. అవ్వ రంగు దగ్గర పట్టుబట్టింది. నంబర్ అంకెలు కూడితే తొమ్మిది రావాలన్నారు, వచ్చింది. టెస్ట్ డ్రైవ్ అంటే ఎదురుగా ఉన్న పెట్రోల్ బంకు దాకా పోయి రావడమే. ఆ కాసేపూ కొత్త బండికి గీత పడుతుందేమోనన్న భయంతో వ్యాసకర్త వైవా పరీక్షకు వచ్చిన విద్యార్థిలా నిటారుగా బిగుసుకున్నాడు. మొత్తం మీద ఆ రోజు డ్రైవర్ సీట్లో కూర్చున్నది ఎనిమిది నిమిషాలు. అందులో మూడు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగడానికే పోయాయి.

ఆ తర్వాత కొండగట్టు. ఈ జిల్లాల్లో కొత్త బండి మొదటి ప్రయాణం చాలామందికి అంజన్న దగ్గరికే. పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం వారాహికి 2023 జనవరి 24న పూజ చేయించింది కూడా ఇక్కడే. అయితే ఆయన వాహనం మీద నిలబడి మాట్లాడతాడు గాబట్టి సీటుతో పెద్ద పని ఉండదు. వ్యాసకర్త కారు నాలుగు టైర్లూ నాలుగు నిమ్మకాయల్ని చితక్కొట్టాయి. సీటు కింద ఐదోది పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఉద్యోగం కరీంనగర్‌లో. పోను దాదాపు నలభై కిలోమీటర్లు, రాను నలభై. వారం తిరిగేసరికి 563 నంబర్ జాతీయ రహదారి కాస్తా బళ్లో గోడకు వేలాడే శరీర భాగాల పటంలా తయారైంది. ఊరు దాటగానే కుడి మడమ. కేశవపట్నంలో మోకాలు. మానకొండూరు వచ్చేసరికి నడుము. కరీంనగర్ పొలిమేరలో మెడ. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అవే స్టేజీలు వెనక నుంచి ముందుకు. “ఏడిదాకా వచ్చిండ్రు?” అని భార్య ఫోన్ చేస్తే “నడుం దాకా వచ్చిన” అనడం ఆయనకు అలవాటైపోయింది. కరీంనగర్ నుంచి వరంగల్ దాకా 68 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలు చేసే పనికి 2023 జూలై 8న ప్రధాని మోదీ వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. పనులు మొదలయ్యాక మట్టి, టిప్పర్లు, పక్కదారులు. అప్పటిదాకా ఏ గొడవా లేకుండా బతికిన ఎడమ కాలు కూడా క్లచ్చు తొక్కి తొక్కి జాబితాలో చేరింది.

తోటి లెక్చరర్లు ధైర్యం చెప్పారు. “నడుపంగ నడుపంగ సెట్ అయితది సార్.” కొత్త చెప్పు నాలుగు రోజులు కరిచి తర్వాత మెత్తబడినట్టు కారు కూడా దారికొస్తుందని ఆయనా ఆశపడ్డాడు. చెప్పు తోలుది గనుక కాలుకు లొంగుతుంది. కారు ఇనుముది. నాలుగేళ్లలో దాని ఆకారం ఇసుమంత మారలేదు గానీ, వ్యాసకర్త ఆకారం మాత్రం కొంచెం మారింది.

దీనికి ఒక శాస్త్రం ఉంది. కారు గీసేవాళ్లు ముందుగా గుర్తు పెట్టేది మనిషి తుంటి కీలు ఎక్కడ ఉంటుందన్నది. దాన్ని హెచ్ పాయింట్ అంటారు. తుంటి కుదిరితేనే చూపు, చేతులు, కాళ్లు వరసలోకి వస్తాయి. అందరికీ సరిపోయే కారు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని పొట్టి ఆడవాళ్లలో చివరి ఐదు శాతాన్నీ, పొడుగు మగవాళ్లలో పైన ఉన్న ఐదు శాతాన్నీ పక్కన పెట్టి మధ్యవాళ్లకు కొలత తీయడం రివాజు. వ్యాసకర్త ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. పెళ్లిచూపుల్లో ఇది ఘనతగా చెప్పారు. కారు గీసేవాళ్లు అదే అంగుళాన్ని పట్టుకుని లెక్కలోంచి తీసేశారు.

పెడల్స్ కథ వేరు. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ముందు కుడి చక్రానికి చోటు కోసం లోపలికి పొడుచుకొచ్చే ఉబ్బు సరిగ్గా ఎక్సలేటర్ పక్కనే వస్తుంది. చిన్న కార్లలో ఆ దెబ్బకు మూడు పెడల్సూ ఎడమకు జరుగుతాయి. స్టీరింగ్ ఎదురుగా, కాళ్లు పక్కింటి వైపు. మనిషి తిన్నగా కూర్చున్నాననుకుంటాడు, నడుము మాత్రం రోజూ ఎనభై కిలోమీటర్లు మెలిక తిరిగే ఉంటుంది.

స్టీరింగ్ పైకీ కిందికీ కదిలేది గానీ ముందుకు రాదు. దాన్ని అందుకుందామని సీటు ముందుకు జరిపితే మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలేవి. మోకాళ్లకు చోటిద్దామని వెనక్కి జరిపితే చేతులు చాచి హారతి పళ్లెం పట్టుకున్న పూజారిలా ఉండేవాడు. పాత ఇటలీ కార్ల మీద యూరప్‌లో ఇలాంటి జోకే ఉండేది. చేతులు పొడుగ్గా, కాళ్లు పొట్టిగా ఉండే కోతిని కూర్చోబెట్టి కొలత తీశారని. కోతి దేవుడి కొండకే వెళ్లి పూజ చేయించాడు గనుక వ్యాసకర్త ఈ జోకుకు నవ్వలేదు.

పన్నుల శాఖకూ ఇందులో వాటా ఉంది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. ఇంజనుకూ హద్దులు పెట్టారు, పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500. అప్పటి నుంచీ కంపెనీలు ఇంజన్, డిక్కీ, వెనక సీటు అన్నీ ఆ నాలుగు మీటర్లలో కుదించే విద్యలో ఆరితేరాయి. మనవాళ్లు కారు కొనేటప్పుడు వెనక సీట్లో కాళ్లు చాపి చూస్తారు. డిక్కీలో బస్తాలు చూస్తారు. కాబట్టి వెనకవాళ్లకూ బస్తాలకూ చోటు దొరికింది. మిగిలినది డ్రైవర్‌కు.

అలాగని పాతకాలం బంగారమని కాదు. 2014 మే దాకా తయారైన అంబాసిడర్ పాత మోడళ్లలో ముందు బెంచీ సీటు. గేరు రాడ్ స్టీరింగ్ పక్కన ఉండటం వల్ల ముందు ఇంకో ఇద్దరు దూరేవారు, డ్రైవర్ సగం తలుపులో కలిసిపోయి నడిపేవాడు. మారుతి ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే. వేసవిలో ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర లేకుండా తెలిసేది. 1998లో శాంట్రో, మరుసటి ఏడాది వ్యాగనార్ వచ్చినప్పుడు డబ్బాల్లా ఉన్నాయని జనం నవ్వారు. కానీ వంగి కూలబడే పని లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు ఎక్కే వీలు సామాన్యుడికి ఆ డబ్బాల్లోనే దొరికింది. ఇక సైకిల్ షాపు సంగతి చెప్పనే అక్కర్లేదు. గంటకు కిరాయి తీసుకునే పిల్లగాడికైనా ఒక్క పానాతో సీటు దించి ఇచ్చేవారు. లక్షలు పోసిన కారులో సీటు ఎత్తు మార్చే లివర్ బేస్ మోడల్‌కు తరచూ ఉండదు. అది కావాలంటే పై మోడల్‌కు పోవాలి. దానితో పాటు అక్కర్లేని మరో పది సరుకులకు కూడా డబ్బు కట్టాలి.

చికిత్సలు అన్నీ అయ్యాయి. మొదట మెత్త. తర్వాత అవ్వ మడిచి ఇచ్చిన బొంత. బొంత నడుముకు సుఖంగానే ఉంది గానీ మనిషిని నాలుగంగుళాలు ముందుకు నెట్టింది. 2019 జూలై నుంచి డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది విచ్చుకునే చోటుకూ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని నిపుణులు చెబుతారు. టేపు పెట్టి కొలిస్తే 19 వచ్చింది. బొంత మళ్లీ మంచం మీదికి పోయింది. సీటు పట్టాల కింద చెక్కముక్కలు వేయమని మెకానిక్‌ను అడిగితే ఆయన చేతులు తుడుచుకుంటూ, “చెక్కలేత్తె రేపు బ్రేక్ కొట్టంగనె సీటుతోని సహా నువ్వు అద్దంల ఉంటవన్నా. గంతకంటె బండి మార్సుడే నయం” అన్నాడు. నాలుగేళ్లలో ఎవరో ఒకరు ఆ మాట అనడం అదే మొదటిసారి.

2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వ్యాసకర్త లేచాడు, అంటే రెండు చేతులతో నడుము పట్టుకుని లేచాడు. ఈసారి ఒంటరిగా, జేబులో కొలత టేపుతో, చంకలో దినపత్రికతో వెళ్లాడు. షోరూములో కారు ఎక్కి, సీటు సర్దుకుని, పత్రిక తెరిచాడు. పది నిమిషాలకు సేల్స్ పిల్లగాడు చాయ్ తెచ్చాడు. ఇరవై నిమిషాలకు “ఏసీ ఎయ్యాల్నా సార్?” అన్నాడు. అరగంటకు మేనేజర్ వచ్చి, ఆరోగ్యం బాగుందా అని అద్దంలోంచి సైగ చేశాడు. సంపాదకీయం కూడా అయిపోయాక దిగి, నాలుగడుగులు నడిచి చూసుకుని, పక్క కంపెనీ షోరూముకు పోయాడు. మూడో షోరూములో క్రీడల పేజీ దాకా నడుము గుర్తుకు రాలేదు. అదే కొన్నాడు. రంగు అవ్వకు నచ్చలేదు. నంబర్ అంకెలు కూడితే ఐదే వచ్చింది.

పాతదాన్ని చూడడానికి జమ్మికుంట నుంచి ఒక విత్తనాల వ్యాపారి వచ్చాడు. మనిషి ఐదడుగుల నాలుగంగుళాలు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే వ్యాసకర్త నిజమే చెప్పాడు. ఆయన నమ్మక బానెట్ కింద, కారు కింద, ఆర్సీ వెనకా వెతికాడు. చివరికి సీట్లో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని, పెడల్స్ తొక్కి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. “నా కొలతకే కుట్టినట్టున్నది సార్!” ఆ మాట వినగానే ధర ఇంకో పదివేలు ఎక్కువ చెప్పాల్సిందని బావమరిది ఇప్పటికీ బాధపడుతుంటాడు.

టీఎస్ 02 పోయి ఇంటి ముందుకు టీజీ 02 వచ్చింది. కేశవపట్నం ఇప్పుడు మళ్లీ కేశవపట్నమే, మోకాలు కాదు. అయితే భార్య కూడా డ్రైవింగ్ నేర్చుకుంది. ఆమె ఎత్తు ఐదడుగులు. ఆయన దిగిన సీట్లో కూర్చుంటే ఆమెకు ఆకాశం తప్ప రోడ్డు కనిపించదు. ఆమె దిగిన సీట్లో ఆయన దూరబోతే మోకాలు స్టీరింగ్ కింద ఇరుక్కుంటుంది. బటన్ నొక్కితే ఎవరి కొలతకు వాళ్లకు సీటు తనంత తానే సర్దుకునే కార్లు ఉన్నాయి గానీ అవి ఈ ఇంటి కిస్తుకు అందవు. అందుకని సీటు పట్టా మీద రెండు గుర్తులు పెట్టుకున్నారు. వెనకది పసుపు, ఆయనది. ముందున్నది ఎర్ర నెయిల్ పాలిష్, ఆమెది.