సగం పేరు కొట్టేయకండి

మా రోజుల్లో ఇద్దరు కలిసి ఒక పని తలపెడితే, వాళ్లలో ఒకరు పోయినా పని పోయేది కాదు. ఏడుపు ఏడుపే, పని పనే. పెద్దకర్మ ముగిసిన మర్నాడు మిగిలినవాడు ఆ హార్మోనియమో, ఆ రాత పుస్తకమో ముందేసుకుని కూర్చునేవాడు. ఇప్పుడేం జరుగుతోందో చూస్తూనే ఉన్నాను. మనిషి పోయిన గంటలో వాట్సాప్‌లో ఫోటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆదివారం ఏదో హాల్లో సంతాపసభ. మాట్లాడేవాళ్లు పోయినవాడి గురించి రెండు ముక్కలు, తమ గురించి ఇరవై ముక్కలు చెబుతారు. చివర బియ్యపు సేమ్యా మీహూన్ పొట్లాలు. ఆ తర్వాత ఆ పని ఊసెత్తేవాడు ఉండడు. ఒకవేళ ఎత్తినా కొత్త పేరు, కొత్త పోస్టరు. పోయినవాడి పేరు అందులో ఏ మూలా కనబడదు.

ఇది నాకు మింగుడుపడదు. ఎందుకంటే ఎలా చెయ్యాలో చేసి చూపించినవాళ్లు ఈ మలేషియాలోనే ఉన్నారు.

పినాంగ్ అన్నదమ్ములు డేవిడ్ ఆర్ముగం, లోగనాథన్ ఆర్ముగం సంగతే చూడండి. వాళ్ల ఆలీక్యాట్స్ బృందం పాట రేడియోలో వస్తే మలాయ్ ఇంట్లో, చైనా కాఫీ కొట్టులో, మన ఇళ్లలో ఒకేసారి గొంతులు కలిసేవి. భారతీయ కుటుంబంలో పుట్టి మలాయ్ పాటలతో దేశమంతటినీ తమవైపు తిప్పుకున్నారు. అందరూ లోగా అని ముద్దుగా పిలుచుకున్న లోగనాథన్ 2007 జూన్ 4న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆ గొంతు లేకపోయాక బృందం ఎక్కడుంటుందని చాలామంది అన్నారు. డేవిడ్ బృందాన్ని మూసేయలేదు, పేరు మార్చలేదు. తన గుబురు జుట్టుతోనే, ఆలీక్యాట్స్ పేరుతోనే మళ్లీ వేదిక ఎక్కాడు. తోడబుట్టినవాడు పక్కన లేని వేదిక మీద పాడటానికి ఎంత గుండె కావాలో పాడేవాళ్లను అడగండి.

మన తెలుగులో దీనికి ఇంకా పాత దారి ఉంది. తిరుపతి వేంకట కవులంటే ఇద్దరు: దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. 1920 ప్రాంతంలో తిరుపతిశాస్త్రి వెళ్లిపోయారు. వేంకటశాస్త్రి ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికారు. మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు. అంతటి మనిషి తానొక్కడే రాసినవాటిని కూడా జంట పేరుతో వెలువరించారు. లేని మనిషికి వాటా ఇవ్వమని ఆయన్ని ఎవరూ అడగలేదు. అదీ స్నేహమంటే.

దర్శకుడు బాపు, రచయిత రమణలను చూడండి. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి సినిమాలు కలిసి తీశారు. అంతకు ముందు నుంచే ఒకరి రాతకు ఇంకొకరి గీత. ‘శ్రీరామరాజ్యం’కు మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ 2011 ఫిబ్రవరిలో కన్నుమూశారు. బాపు అదే ఏడాది నవంబరులో ఆ సినిమాను జనం ముందుకు తెచ్చారు. ఏళ్ల తరబడి పక్కనే ఉన్న మనిషి మాటలను, అతను లేకుండా తెర మీదికి చేర్చారు. చేతులెత్తేస్తే ఎవరు కాదనేవారు? ఆయన ఎత్తేయలేదు.

మళ్లీ మలేషియాకే వద్దాం. కౌలాలంపూర్‌లో ఫైవ్ ఆర్ట్స్ సెంటర్ అనే కళాసంస్థ ఉంది. 1984లో మొదలైంది. దాని వెనక ఉన్న పెద్దతలల్లో నాటక దర్శకుడు కృషేన్ జిత్, ఆయన భార్య, నృత్య దర్శకురాలు మారియన్ డిక్రూజ్ ఉన్నారు. ఆ మొదటివాళ్లలో కృషేన్ జిత్ 2005లో, చిత్రకారుడు రెడ్జా పియదాస 2007లో, కెడా తోటల జీవితాన్ని నవలల్లోకి తెచ్చిన కె.ఎస్. మణియం 2020లో వెళ్లిపోయారు. సంస్థ తలుపులు మూతపడలేదు. మారియన్ ఒంటరిగా మోయాలనుకోకుండా కుర్రవాళ్లను పక్కన నిలబెట్టుకున్నారు. భర్తనూ, సహకళాకారుణ్నీ ఒకే మనిషిలో పోగొట్టుకున్నావిడ చేసిన పని అది.

ఇక మా సంగతి. నేనూ, నా జతగాడూ దిగువ పేరాక్ తోటల్లో పుట్టినవాళ్లం. బాగన్ డాతో వైపు కొబ్బరితోటల్లో మన తెలుగు కుటుంబాలు ఉండేవి. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడెక్కి వచ్చిన తాతల బిడ్డలం. లైను ఇళ్లలో అవ్వలు పెళ్లిపాటలు, కోలాటం పాటలు, దంపుళ్ల పాటలు పాడేవారు. తోటల్లో కొబ్బరి పోయి ఆయిల్ పామ్ వచ్చింది, తోట బడులు మూతపడ్డాయి, జనం క్లాంగ్‌కి, కౌలాలంపూర్‌కి చెదిరిపోయారు. అవ్వలు పోకముందే పాటలు పట్టుకోవాలని మేమిద్దరం బయల్దేరాం. క్యాసెట్ రికార్డరు నాది, రాత ఆయనది. 1981లో కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు వచ్చిన ఊపు మాకు చాలా ఏళ్లు సరిపోయింది.

ప్రతి పాట దగ్గరా ఆయనది ఒకటే మాట: "బావా, పాడినావిడ పేరు రాశావా, లేదా?" పాట పైన పాడినవాళ్ల పేరు, తోట పేరు లేకపోతే ఆ కాగితం ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు ఆయన లేడు. ఆ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. శ్రీకాకుళం వైపు మాటలు ఆయనకు తెలిసినంత నాకు తెలియవు. కొన్నిచోట్ల ఆయన అంచున ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. ఆ సందేహం ఏమిటో చెప్పగలిగింది ఆయనొక్కడే. దుఃఖం నాకు ఫోటో చూస్తే రాదు, ఆ ప్రశ్నార్థకం దగ్గర వస్తుంది. అయినా రోజూ కూర్చుంటున్నాను. తెలిసినంత మేర సాపు చేస్తున్నాను, తెలియనిచోట ఆయన గుర్తును అలాగే ఉంచుతున్నాను.

అప్పట్లో ఒకరికొకరు కావాల్సి వచ్చింది. ఒకరికి గొంతు, ఒకరికి కలం, ఒకరి ఇంట్లో హార్మోనియం పెట్టె. పోట్లాడుకున్నా మర్నాటికి మళ్లీ ఆ ఇంటికే పోవాలి. ఇప్పుడు ఒక్క ఫోన్‌లో పాట రాసి, పాడి, కూర్చి, లోకం మీదికి వదిలేస్తున్నారు. సౌకర్యం మంచిదే, ఆ ఫోనే మాకుంటే ఎన్ని అవ్వల గొంతులు నిలిచేవో! కానీ అంతా ఒంటెద్దు బండి అయ్యాక తోడు విలువ తెలిసేదెలా? తోడు విలువ తెలియనివాడు తోడు పోయాక ఏం మోస్తాడు?

మరీ మండేది ఇంకొకటి ఉంది. పెద్దాయన పోయిన ఇళ్లలో రాత పుస్తకాలు, టేపులు అటక మీది నుంచి దించి, ‘సూరత్ కబర్ లామా’ అని మైకులో అరుచుకుంటూ వచ్చే పాత పేపర్ల లారీలో కిలోల లెక్కన వేసేస్తున్నారు. ఇద్దరు మనుషుల జీవితకాలపు పని రెండు రింగిట్‌లకు పోతోంది. అక్షరం చదవడం రాకపోతే వచ్చినవాళ్లను పిలవండి. ఆ జతగాడు ఇంకా బతికే ఉంటాడు, ఆయనకు కబురు చెయ్యండి.

జతగాణ్ని పోగొట్టుకున్నవాళ్లకు నా మాట ఇది. ఏడవండి, ఎవరూ వద్దనరు. ఏడ్చాక ఆ పుస్తకం తెరవండి. సగంలో ఉన్నది పూర్తి చెయ్యండి, చేతకాకపోతే చేతనైన కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. అట్ట మీద ఇద్దరి పేర్లూ వెయ్యండి, పోయినవాడి పేరు ముందు వెయ్యండి. సంతాపసభ హాలు అద్దెకూ, పొట్లాలకూ అయ్యే డబ్బును ఆ పుస్తకం అచ్చుకు ఇవ్వండి.