కూత ఒకరిది, రొద ఊరందరిది

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యింది. ఆనాటి నుంచి ఇక్కడి కబడ్డీ అభిమానికి కొత్త కష్టం. అంతకుముందు కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు జట్టు ఓడితే ‘కర్నూలోళ్లు మన పిల్లోళ్లను తీసుకోలేదప్పా’ అంటే సరిపోయేది. ఇప్పుడు జిల్లా మనదే, జట్టూ మనదే, ఓటమీ మనదే! అయినా దారి దొరక్కపోలేదు. నంద్యాల టీ అంగట్లో ‘అంతా ఆళ్లగడ్డోళ్ల వల్లే’, ఆళ్లగడ్డ అరుగు మీద ‘అంతా నంద్యాలోళ్ల వల్లే’. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో తొలి పన్నెండు సీజన్లూ కప్పు ముట్టని తెలుగు టైటాన్స్ మీద మాత్రం రెండు ఊళ్లదీ ఒకటే తిట్టు. ఐకమత్యమంటే అదీ! కూతకెళ్లినోడికి గడువు 30 సెకన్లు, అరుగు మీది నిపుణుడికి ఆ నిబంధన లేదు. ఆట జరిగే రోజు కూడా ఓసారి రండి సామీ, కోర్టు పక్కన బోలెడు చోటుంది.