మంగళగిరి మాస్కు ఆత్మకథ

ఇప్పుడు నన్ను మాస్కు అంటున్నారు గానీ, పుట్టుకతో నేను చీరని. మంగళగిరి గుంటమగ్గం మీద నేసిన నూలు చీర. ఒంటి మీద ఒక్క బుటా లేదు, అంచున నిజాం బోర్డరు మాత్రం ఉంది. పదేళ్ళ ఉతుకుళ్ళకి మెత్తబడ్డాక, 2020 ఫిబ్రవరిలో అమ్మమ్మతోపాటు సూట్‌కేసులో అమెరికా చేరాను. వర్జీనియాలో ఆవిడ కూతురిల్లు. మూణ్ణెల్లుండి ఆవకాయల వేళకి తెనాలి పక్కన మా పల్లెకి తిరిగి వెళ్ళాలన్నది లెక్క. కరోనా వల్ల మార్చి 22 నుంచి ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. లెక్క తప్పింది.

మొదట్లో అమెరికా అధికారులు జనాన్ని మాస్కులు కొనొద్దన్నారు. ఏప్రిల్ 3న మాట మార్చి, గుడ్డదైనా సరే ముఖానికి కట్టుకోమన్నారు. ఆ రాత్రే అమ్మమ్మ నామీద కత్తెర వేసింది. జరీ గీసుకుంటుందని అంచు కత్తిరించి పక్కన పెట్టింది. లోపలి పొరకి తాతయ్య పాత పంచె. ఎలాస్టిక్ ఏ కొట్లోనూ లేదు, దేశమంతా మాస్కులే కుట్టుకుంటోంది మరి. దాంతో లంగా బొందు రెండు ముక్కలు చేసి నాకు చెవులు కుట్టింది. ముక్కు దగ్గర నిలవడానికి బ్రెడ్డు ప్యాకెట్టు మూతికి చుట్టే తీగని మడతలో దూర్చింది. మూడు కుచ్చులు, చేతి కుట్టు. అలా రెండో జన్మ ఎత్తాను.

ఆ ఇంట్లో అన్నం లేకపోయినా గడుస్తుంది గానీ రాజకీయం లేకుండా గడవదు. చిత్రమేమిటంటే, ఆ దేశంలో వాళ్ళలో ఒక్కరికీ ఓటు లేదు. అల్లుడిది హెచ్‌వన్‌బీ వీసా, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. కూతురిది అతని వీసా మీద ఆధారపడ్డ వీసా. పుట్టుకతో పౌరురాలు మనవరాలొక్కతే, దానికేమో తొమ్మిదేళ్ళు. ఇక అమ్మమ్మ ఓటు తెనాలి పక్కన ఉంది. అక్కడి పంచాయతీ ఎన్నికలు మార్చిలోనే కరోనా పేరిట వాయిదా పడ్డాయి. వాయిదా వేసింది సబబా కాదా అని అక్కడ కోర్టుల దాకా వెళ్ళిన గొడవని ఇక్కడి డైనింగ్ టేబుల్ మీద రోజూ విచారించేవాళ్ళు.

జూన్‌లో కొత్త హెచ్‌వన్‌బీలు ఏడాది చివరిదాకా ఆపేస్తూ ట్రంప్ ఉత్తర్వు వచ్చిన రోజు మాత్రం టేబుల్ దగ్గర ఎవరూ వాదించలేదు. నిర్ణయం వాళ్ళ గురించే, అడగడం మాత్రం వాళ్ళని కాదు.

నాకూ ఒక గోడు ఉంది. ఆ శరదృతువులో నా జాతి మొత్తం పార్టీ గుర్తు అయిపోయింది. కట్టుకుంటే ఒక పక్షం, కట్టుకోకపోతే మరో పక్షం. అక్టోబర్ 5న, కోవిడ్ సోకి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన దేశాధ్యక్షుడు, వైట్‌హౌస్ బాల్కనీలో నిలబడి, కెమెరాల ముందు మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. టీవీ ముందున్న అమ్మమ్మ అంది, "పథ్యం కాకముందే ఇదేం పంతం నాయనా!"

అక్టోబర్ 24, దసరా ముందు రోజు, షెనండోవా నేషనల్ పార్కుకి బయల్దేరాం. వసంతంలో మూసేసి, మే ఆఖర్లో మళ్ళీ తెరిచిన పార్కు అది. దాని వెన్నెముక స్కైలైన్ డ్రైవ్, కొండల నెత్తిన 105 మైళ్ళ రోడ్డు. మేపుల్, ఓక్, హికరీ చెట్లన్నీ పసుపూ కుంకుమా కలిపి చల్లుకున్నట్టున్నాయి.

"మనకి ఆకులు రాలేది శిశిరంలో కదమ్మా, వీళ్ళకి దసరాకే రాలిపోతున్నయ్యేంది?" అని అమ్మమ్మ అడిగింది. అంతలోనే జమ్మి చెట్టేమైనా ఉందా అని వెతికింది. లేదు.

దారిలో అల్లుడు గింజుకుంటూనే ఉన్నాడు. రెండ్రోజుల కిందటి డిబేట్‌లో ట్రంప్ ఇండియా గాలి మురికి అన్నాడట.

"ఎంత మాట అన్నాడో చూశారా అత్తయ్యగారూ!"

"ఢిల్లీ గాలి గురించైతే అందులో అబద్ధమేముంది బాబూ? అన్నవాడి నోరు మంచిది కాదు, అంతే."

అల్లుడు కారు అద్దం దించాడు. నేను అమ్మమ్మ గడ్డం కింద వేలాడుతూ ఆకుల వాసన పీల్చాను.

మేం ఎక్కింది స్టోనీ మ్యాన్ శిఖరం, 4 వేల అడుగులకు కాస్త పైన ఉంటుంది. పేరు ఊరికే రాలేదు. దూరం నుంచి చూస్తే ఆ బండరాళ్ళు వెల్లకిలా పడుకున్న గడ్డం మనిషి ముఖంలా కనిపిస్తాయి. అంత పెద్ద ముఖం, అంత పెద్ద ముక్కు, గుడ్డపేలిక అడ్డం లేకుండా! మనవరాలు దాన్ని చూసి "తాతయ్యా, మాస్కు!" అని అరిచింది.

వెళ్ళిరావడానికి 1.6 మైళ్ళే. చెట్ల మీది తెల్ల గుర్తులు జార్జియా నుంచి మెయిన్ దాకా సాగే అపలాచియన్ ట్రెయిల్‌వి. కొంత దూరం మా దారీ, ఆ దారీ ఒకటే. ఆ సన్నని బాటలో నా పని వినండి. మనుషులు లేనంతసేపూ గడ్డం కింద ఉంటాను. మలుపులో మాటలు వినపడగానే ముక్కు మీదికి ఎక్కుతాను. వాళ్ళు దాటాక మళ్ళీ దిగుతాను. శిఖరం చేరేలోగా ఇరవైసార్లు ఎక్కి దిగాను. మనుషులు ఒక కొండ ఎక్కితే నేను ఇరవై ఎక్కానన్నమాట.

ఒక మలుపులో ఎర్రటోపీ పెద్దాయన ఎదురయ్యాడు. టోపీ మీద ట్రంప్ నినాదం, ముఖాన ఏమీ లేదు. అల్లుడి భుజాలు బిగుసుకున్నాయి. పెద్దాయన మమ్మల్ని చూసి, ఏమీ అనకుండా బాట దిగి, రాళ్ళ మధ్య ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టి, ముఖం లోయవైపు తిప్పుకుని, అమ్మమ్మ మెల్లగా దాటేదాకా అలాగే నిలబడ్డాడు. మరో పది నిమిషాలకి ఐదుగురు కుర్రాళ్ళు వచ్చారు. అందరి మాస్కుల మీదా బైడెన్ పేరుంది, అందరి మాస్కులూ ముక్కు కిందే ఉన్నాయి. నవ్వుకుంటూ అమ్మమ్మని రాసుకుంటూ పోయారు.

రెండు మలుపులు చూసి ఒక దేశానికి తీర్పు చెప్పను. నన్ను తిరస్కరించినందువల్ల ఎన్ని ఆసుపత్రులు నిండాయో నాకు తెలుసు. అమెరికాలో చావులు 2 లక్షలు దాటి అప్పటికి నెలయింది. అయితే ఆ రోజు ఒకటి అర్థమైంది. నా మీద ఏం రాసి ఉందన్నది కాదు, నేను ఎక్కడ ఉన్నానన్నదే ముఖ్యం.

శిఖరం మీద, లూరే ఊరు కింద బొమ్మలకొలువులా కనిపిస్తుండగా, పులిహోర డబ్బా మూత తీశారు. కూతురు పార్కు చరిత్ర చదివి వినిపించింది. ఇదే పార్కులో ఒకప్పుడు నల్లవాళ్ళకి లూయిస్ మౌంటెన్ అని విడిగా చోటు పెట్టారు. 1939లో మొదలైన ఆ ఏర్పాటు 1950 వరకూ సాగింది.

అమ్మమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "మా ఊరి టీకొట్లో కూడా గ్లాసులు వేరేగా ఉండేవి. మాలపల్లె వాళ్ళ గ్లాసులు బయట చూరు కింద పెట్టేవాళ్ళు. వాళ్ళే కడుక్కుని తాగి, వాళ్ళే పెట్టేవాళ్ళు. నేను రోజూ చూస్తా పోయేదాన్ని. ఒక్కనాడూ ఏమీ అనలా."

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను ఆవిడ చేతిసంచి పిడికి కట్టి ఉన్నాను. గాలికి ఊగుతూ అనుకున్నాను, దూరం జరగడంలో రెండు రకాలున్నాయి. ఎదుటివాడు బతకాలని జరగడం ఒకటి. ఎదుటివాడు తక్కువని జరపడం ఇంకొకటి. ఎర్రటోపీ ఆయన ఆ పూట మొదటి రకం దూరం జరిగాడు.

నవంబర్ 3న అమెరికా ఓటేసింది. ఆ రోజే తెలంగాణలోని దుబ్బాకలో ఉప ఎన్నిక. ఈ ఇంటి తరఫున ఆ రోజు ఓటేసింది అల్లుడి నాన్న ఒక్కడే. ఫోన్‌లో చెప్పాడు, "గుండ్రంగ గీతలు గీసిన్రు బిడ్డా, అండ్లనే నిలవడ్డం. మాస్కు లేకుంటె లోపలికి రానియ్యలె." అమెరికా ఫలితం శనివారానికి తేలింది. దుబ్బాకలో 1,079 ఓట్ల తేడాతో బీజేపీ గెలిచింది. వారం రోజులు రెండు ఫలితాలనీ కలిపి చర్చించారు.

డిసెంబర్లో, కరోనాకి చిక్కుకుపోయినవాళ్ళని ఇళ్ళకి చేర్చే వందే భారత్ విమానంలో అమ్మమ్మకి సీటు దొరికింది. కత్తిరించిన నా అంచుని మనవరాలు పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంది. నేను ఆవిడ ముఖాన ఊరికి చేరాను. వాయిదా పడిన పంచాయతీ ఎన్నికలు ఆవిడ కోసమే ఆగినట్టు 2021 ఫిబ్రవరిలో జరిగాయి.

ఓటుకి పౌరసత్వం కావాలి, వయసు కావాలి, జాబితాలో పేరుండాలి. నన్ను కట్టుకోవడానికి అవేవీ అక్కర్లేదు. పది నెలలు ఓటు లేని దేశంలో అమ్మమ్మ తన ముక్కు మీద నన్ను నిలబెట్టి, తనకి ఓటు వెయ్యని, తను ఓటు వెయ్యలేని జనం ఊపిరి కాచింది. నాకు తెలిసిన రాజకీయం అంతే.

ఇప్పుడు బీరువాలో చీరల మధ్య, కలరా ఉండల పక్కన ఉన్నాను. పోలింగ్ రోజు అమ్మమ్మ వేలికి పెట్టిన సిరా కొన్నాళ్ళకి చెరిగిపోయింది. నా బొందు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.