వార్డు గ్రూపులో తప్పులు పోస్టు చేసే పై అధికారికి

అయ్యా / అమ్మా,

మీరు ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నారన్నది ఈ ఉత్తరానికి ముఖ్యం కాదు. మీలాంటివారు బడుల్లో ఉన్నారు, బ్యాంకుల్లో ఉన్నారు, మండల కార్యాలయాల్లోనూ ఉన్నారు. కిందివాళ్ల పనిలో ఎక్కడైనా తప్పు దొర్లితే చాలు, ఫొటో తీసి, పేరు రాసి, అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాని కింద "ఎక్స్‌ప్లనేషన్ ఇవ్వండి" అని ఒక ముక్క. ఆ వెంటనే వరసగా "నోటెడ్ సార్", "ఓకే మేడమ్", దండాల బొమ్మలు. క్రమశిక్షణ అంటే ఇదేనని మీ నమ్మకం. నేను చాలాకాలంగా నర్సు ఉద్యోగంలో ఉన్నాను. నాకు తెలిసిన చోటు నుంచే చెబుతాను: మీరు పెట్టే ఆ పోస్టు వల్ల రోగికి ప్రమాదం పెరుగుతోంది.

మా వార్డులో జరిగింది వినండి. యాంటీబయాటిక్ పొడిని కలపడానికి డిస్టిల్డ్ వాటర్ కావాలి. అది పది మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ఆంప్యూల్‌లో వస్తుంది. పొటాషియం క్లోరైడ్ కూడా అలాంటి పది మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లోనే వచ్చేది. రెండూ చూడటానికి నీళ్లే. లేబుల్ మీద అక్షరాలు సన్నగా ఉంటాయి. మొదటిది వట్టి నీరు. రెండోదాన్ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఆ రెండూ ఒకే ట్రేలో పక్కపక్క గళ్లలో ఉండేవి. నైట్ డ్యూటీ చివర్లో, కొత్తగా చేరిన సిస్టర్ చెయ్యి పక్క గడిలోకి వెళ్లింది. మూత విరవబోతూ లేబుల్ చూసింది, ఆగిపోయింది. రోగికి ఏమీ కాలేదు. డ్యూటీ మారేటప్పుడు ఆ అమ్మాయే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. "ఈ రెండూ వేరువేరుగా పెడితే బాగుంటుంది సిస్టర్" అని కూడా అంది.

మధ్యాహ్నానికల్లా ఆంప్యూల్ ఫొటో గ్రూపులోకి వచ్చింది, పక్కనే ఆ అమ్మాయి పేరు. "ఇంత నిర్లక్ష్యమా? ఇలాంటివాళ్ల వల్లే ఆసుపత్రికి చెడ్డపేరు" అని రాసి ఉంది. రాత్రంతా మేల్కొన్న మనిషి ఇంట్లో నిద్రపోవాల్సిన వేళ అది. లేచి, "సారీ, ఇంకెప్పుడూ జరగదు" అని పెట్టింది. ట్రే గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు ఆమె రెండు పాఠాలు నేర్చుకుంది. లేబుల్ ఒకటికి రెండుసార్లు చదవాలన్నది మొదటిది. అది ఎవరూ చెప్పకముందే, ఆంప్యూల్ చేతిలో ఉండగానే ఆమెకు ఎక్కింది. ఇలాంటివి బయటికి చెప్పకూడదన్నది రెండోది. అది ఆ పోస్టు నేర్పింది. గ్రూపులో ఉన్న మిగతా సిస్టర్లందరికీ కూడా నేర్పింది. ఆ తర్వాత అదే ట్రేలో అదే పొరపాటు ఇంకొకరి చేతిలో జరగబోయింది. ఆ సంగతి క్యాంటీన్‌లో గుసగుసగా నడిచిందే తప్ప రిజిస్టరులోకి ఎక్కలేదు. నెలాఖరు మీటింగులో ఇన్సిడెంట్ రిజిస్టరు ఖాళీగా కనిపిస్తే, వార్డు మెరుగుపడిందని మెచ్చుకున్నారు.

ఈ ప్రమాదం మా ఒక్క వార్డుది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రత కోసం ఇచ్చిన సూచనల్లో, పేర్లు ఒకేలా ఉండి తికమక పెట్టే మందుల గురించి ఒకటి ఉంది. పొటాషియం క్లోరైడ్ లాంటి గాఢ ద్రావణాల గురించి ఇంకొకటి ఉంది. నర్సులను ఇంకా జాగ్రత్తగా ఉండమని చెప్పి ఆ సంస్థ ఊరుకోలేదు. ఆ గాఢ ద్రావణాలను వార్డు అల్మరాల్లోంచే తీసేయమంది. అలసిపోయిన చెయ్యి పొరపాటున వెళ్లినా అక్కడ ఆ ఆంప్యూల్ దొరకకూడదన్నమాట. కానీ ఎక్కడ చెయ్యి తడబడుతోందో పైవాళ్లకు తెలియాలంటే, తడబడినవాళ్లు ధైర్యంగా వచ్చి చెప్పగలగాలి.

తప్పు నలుగురికీ తెలియకపోతే ఏమవుతుందో విమానయానం భారీ మూల్యం చెల్లించి తెలుసుకుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి విమానాశ్రయంలో దిగబోతూ వర్జీనియాలోని ఒక కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు అర్థం చేసుకున్న తీరు వల్ల, దిగకూడని ఎత్తుకు ముందే దిగిపోయారు. దాదాపు ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే చోట, అదే అపార్థంతో వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ సిబ్బంది తమ సంస్థకు చెప్పారు, సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక మిగతా సంస్థల పైలట్లకు చేరలేదు.

ఆ దుర్ఘటన తర్వాత 1976లో అమెరికాలో పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను రాసి పంపే ఏర్పాటు ఒకటి మొదలైంది. దాన్ని నడిపే పనిని శిక్షలు వేసే విమానయాన శాఖ తన దగ్గర ఉంచుకోకుండా నాసాకు ఇచ్చింది. రాసినవారి పేరు తీసేస్తారు, జరిగిన సంగతి మాత్రం అందరికీ పంచుతారు. తెలియక జరిగిన తప్పును పది రోజుల్లోగా రాసి పంపితే సాధారణంగా జరిమానా నుంచి, లైసెన్సు సస్పెన్షన్ నుంచి మినహాయింపు కూడా దొరుకుతుంది. కావాలని చేసినవాటికి, నేరాలకు మాత్రం ఆ రక్షణ లేదు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? శ్రీహరికోటకు రండి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు నడిపింది అబ్దుల్ కలాం. పత్రికలవాళ్లకు ఎదురుగా కూర్చుని వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్. కలాం ఈ సంగతిని జీవితాంతం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఆ తర్వాతి భాగాన్ని మనం అంతగా పట్టించుకోం. ఇస్రో లోపల ఆ వైఫల్యాన్ని ఎవరూ తేలిగ్గా వదల్లేదు. సమాచారమంతా ముందేసుకుని తవ్వితే, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేలింది. బయట మనుషులను కాపాడారు, లోపల తప్పును వదలకుండా పట్టుకున్నారు. 1980 జులై 18న అదే బృందం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు పత్రికల ముందు మాట్లాడమని ధవన్ కలాంనే పంపారు.

"భయం లేకపోతే పని ఎలా జరుగుతుంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డ్యూటీకి తాగి వచ్చినవాడిని, చూడని బీపీని చూసినట్టు చార్టులో రాసినవాడిని, ఎన్నిసార్లు చెప్పినా చేతులు కడుక్కోనివాడిని వదిలేయమని నేను అనను. మెమో ఇవ్వండి, సస్పెండ్ చేయండి. తన పొరపాటును తానే తెచ్చి మీ బల్ల మీద పెట్టిన మనిషిని కూడా అదే వరసలో నిలబెట్టడమే అన్యాయం. అబద్ధం రాసినవాడికీ నిజం చెప్పిన అమ్మాయికీ ఒకే మర్యాద దక్కితే, రేపటి నుంచి అందరికీ అబద్ధమే సుఖంగా ఉంటుంది.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. తప్పు జరిగినప్పుడు ఆ మనిషిని గదిలోకి పిలిచి కూర్చోబెట్టండి. ఏం జరిగిందో మొదటి నుంచి వరసగా చెప్పనివ్వండి. ఆ షిఫ్టులో ఎంతమంది రోగులున్నారో, పక్కన సాయానికి ఎవరున్నారో, ఏ వస్తువు ఎక్కడ ఉందో అడగండి. ఆ తర్వాత గ్రూపులో పోస్టు పెట్టండి. అందులో పేరు వద్దు. "ఇకపై పొటాషియం క్లోరైడ్ ఈ ట్రేలో ఉండదు, విడిగా ఎర్ర లేబుల్ పెట్టెలో తాళం వేసి ఉంటుంది" అన్న ఒక్క వాక్యం చాలు. ఒకరి పొరపాటు నుంచి వార్డంతా నేర్చుకోవడం అంటే అదే.

ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినం వస్తుంది. ఈసారి ఆ రోజు మీ సిబ్బందిని పిలిచి, తప్పు చెప్పుకున్నందుకు ఎవరి పేరూ గ్రూపులోకి రాదని మీ నోటితో చెప్పండి. చెప్పాక మాట మీద నిలబడండి. మొదటి నెలల్లో ఇన్సిడెంట్ రిజిస్టరు నిండిపోతుంది. చూసి కంగారు పడకండి. అవి కొత్తగా పుట్టిన తప్పులు కావు, ఇన్నాళ్లూ మీకు చెప్పనివి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు