డిశ్చార్జి శాసనం

డాక్టరు రాసిన చీటీ చదవగలిగేలా ఉండటం రోగి ప్రాథమిక హక్కని పంజాబ్-హర్యానా హైకోర్టు సెలవిచ్చింది. కంప్యూటర్ చీటీలు వచ్చేదాకా క్యాపిటల్ లెటర్లలో రాయాలట. తీర్పు అక్కడిదైనా చప్పట్లు మన తుంగభద్ర గట్టు మీదా మోగాయి. నాకే చేతులు రాలేదు. బీడీ, టీడీఎస్, ఓడీ, హెచ్చెస్... ఇవన్నీ మొదటినుంచీ క్యాపిటల్ లెటర్లలోనే ఉన్నాయి కదప్పా!

ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే మనిషి ఈ అక్షరాలున్న డిశ్చార్జి కాయితం ఎవరికి చూపించాలి? ఆర్టీసీ కండక్టరుకు చూపిస్తే ఓడీ అంటే ఆన్ డ్యూటీ అంటాడు. రిటైరైన అయ్యవారు టీడీఎస్ చూసి, పింఛన్లో పన్ను కోశారని గుండె పట్టుకుంటాడు. ఆయాసం తగ్గి ఇల్లు చేరిన ముసలాయన బీడీ అని చదివించుకుని, ఈ డాక్టరు దేవుడంటాడు. రెండు పూటలు, మూడు పూటలు అనడానికి వాడే లాటిన్ పొట్టిమాటలివి. లాటిన్ రోములోనే ఎవరూ మాట్లాడటం లేదు, ఆదోనిలో మాట్లాడతారా?

కాబట్టి ప్రతి ఆసుపత్రి గేటు దగ్గరా ఒక శాసన పరిశోధకుణ్ణి కూర్చోబెట్టాలని నా మనవి. సీమకు ఇది కొత్త విద్య కాదు. పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి రాతల్లో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వాటినే చదివినవాళ్లకు ఇదొక లెక్కా? డిశ్చార్జి కాయితం మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, మసి అద్ది నకలు తీస్తారు. మళ్లీ రావాల్సింది 2 వారాలకా, 7 వారాలకా అని పండితులు రెండుగా చీలుతారు. పుస్తకం అచ్చయ్యేసరికి రోగి సంవత్సరీకం వస్తుంది. ఆవిష్కరణ ఆ రోజే పెట్టుకుంటే భోజనాల ఖర్చు కలిసొస్తుంది.

ఇక నావల్ల కాదు, నవ్వు రావడం లేదు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని అదే ఎర్రగుడి బండ మీద ఆ రాజు చెక్కించాడు. కడప జిల్లా కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు 575లోనే తెలుగులో శాసనం వేయించాడు. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం తెచ్చుకున్నాం. కొన్ని షుగరు మాత్రలు మింగి వేళకు తినకపోతే చక్కెర పడిపోయి మనిషి లేవడు. డాక్టర్లూ, ఆ ఒక్క ముక్క తెలుగులో రాయడానికి మీకు ఇంకెన్ని వందల ఏళ్లు కావాలి?

పోయిన నెల ఓ ఆసుపత్రి బయట ఒక పెద్దామె నా ముందు సంచి విప్పింది. మందుల షాపాయన మాత్రల షీట్ల మీద గీసిన పెన్ను గీతలు చెమటకు చెరిగిపోయాయి. కాయితంలో ‘డయాబెటిక్ డైట్’ అని ఉంది, అంతే. "నాయనా, సంగటి తినొచ్చునా? ఈ బిళ్ల సంగటికి ముందా, ఎనకా?" అని అడిగింది.

నాకూ తెలియదు. లోపలికి పోయి అడిగితే, కాయితంలో రాశాం కదా అన్నారు. నేను బయటికొచ్చేసరికి ఆమె ఆలూరు బస్సెక్కి వెళ్లిపోయింది.