ఎనిమిది రెట్లు దగ్గర

నేను దుర్భిణిని. ఒంటి మీద 8×42 అని అచ్చు వేసి ఉంటుంది. ఎనభై మీటర్ల దూరంలోని కొమ్మను పది మీటర్లలో ఉన్నట్టు చూపిస్తానని మొదటి అంకె. నా ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని రెండోది. ఆ అద్దం బొమ్మను తలకిందులు చేస్తుంది, కడుపులోని పట్టకాలు మళ్లీ నిలబెడతాయి. నాకు వచ్చిన విద్య ఇంతే.

నన్ను కొన్నాయనది టెక్కలి, ఉద్యోగం న్యూజెర్సీలో. శనివారాలు మెడలో వేసుకుని న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు తీసుకెళ్లేవాడు. అక్కడ ర్యాంబుల్ అనే చెట్లగుబురు ఉంది. 2020 మే 25న ఆ గుబురులోనే, పిట్టల్ని చూడటానికి వచ్చిన క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతీయుడు, కుక్కకు గొలుసు కట్టమని ఒక తెల్లావిడను అడిగాడు. కట్టాలన్నది అక్కడి నిబంధనే. ఆవిడ పోలీసులకు ఫోను చేసి, ఆఫ్రికన్ అమెరికన్ ఒకడు నన్ను బెదిరిస్తున్నాడంది. ఆ గొడవ వీడియోను మా ఆయన ఎన్నిసార్లు చూశాడో. వారం తిరక్కుండానే నల్లజాతి పక్షి ప్రేమికులు తమ పేరున ఒక వారోత్సవం మొదలుపెట్టారు. నల్లవాళ్లకు అడవి అంటే ఇష్టం లేదనేవాళ్లు ఒకటి మరిచిపోతారు. వర్జీనియాలోని షెనండోవా జాతీయవనంలో 1939లో నల్లవాళ్ల కోసం లూయిస్ మౌంటెన్ అని వేరే చోటు కట్టారు. పొమ్మన్నవాళ్లే, రారేమని అడగడం చిత్రం. ఓక్లాండ్‌లో రూ మ్యాప్ అనే ఆవిడ 2009లో 'అవుట్‌డోర్ ఆఫ్రో' పెట్టి నల్లవాళ్లను గుంపులుగా కొండలకు, నదులకు నడిపిస్తోంది.

అదే మే 25న, ర్యాంబుల్ గొడవకు ఆరేళ్ల ముందు, సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి రాతిగుట్ట మీద నేర్చిన పిల్లలు. ఈ తారీఖుల సంగతి మా ఆయన పలాసలో టీచరుగా ఉన్న మేనకోడలికి చెబుతుంటే విన్నాను. చెప్పి, నన్ను ఆమె చేతిలో పెట్టి విమానం ఎక్కేశాడు.

టీచరమ్మ పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని వెంటేసుకుని ఓ ఆదివారం తేలినీలాపురం తీసుకెళ్లింది. టెక్కలి దగ్గరి ఆ ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. వానలు వెనకబట్టే వేళకు వస్తాయి, ఎండలు ముదిరేలోపు పిల్లలతో పోతాయి. మేత కోసం నౌపడ ఉప్పుమళ్ల వైపు ఎగురుతాయి. రెట్టల కంపు, నేల మీద కుళ్లిన చేపలు, అయినా ఊరివాళ్లు వాటిని తరమరు. పిట్టలొస్తే ఊరికి మంచిదని నమ్మకం. ఎవర్నడిగినా సైబీరియా నుంచి వచ్చాయంటారు. నిజానికి ఈ రెండూ దక్షిణాసియా పిట్టలే. మన దేశపు పిట్టయితే మాత్రం చిన్నతనమా?

పిల్లలు నాకోసం కొట్టుకున్నారు. "ఓలమ్మా, పిల్ల తలకాయంతా తల్లి గొంతులోకెట్టేసిందే!" అని ఒక గుంట కేకేసింది. గూడబాతు పిల్ల మేత తినే పద్ధతే అది.

ఆ గుంట తల్లి మాత్రం నన్ను పట్టుకోనంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులు. తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి నల్లగా మరకలు వేస్తుంది.

"అద్దాలకి అంటుకుంటాదేమోనమ్మా."

"అంటుకోదు అప్పా, పట్టుకో," అంది టీచరమ్మ.

పట్టుకుంది. చాలాసేపు దించలేదు. ఒక స్టార్కు తోకవైపు గులాబీరంగు ఈకలు దువ్వుకుంటుంటే దాని మీదే ఉండిపోయింది. ఉద్దానంలో వాళ్లకు జీడితోట ఉండేదట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చినప్పుడు అదీ పోయింది. చెట్టుకింద పుట్టి, చెట్టుకింద పెరిగిన మనిషి ఆవిడ. పిక్కల కోసం కాక చెట్టు వైపు తలెత్తడం ఎప్పుడూ జరగలేదు.

"ఏ పనీ లేకుండా ఇలా నిలబడ్డం బాగుందమ్మా," అని నవ్వింది. వెంటనే, ఎవరైనా విన్నారా అని అటూ ఇటూ చూసింది. సెంట్రల్ పార్కులో నాతో వచ్చినవాళ్లెవరూ అలా చూడగా నేనెరగను.

మళ్లీ ఎక్కడికన్న మాట వచ్చింది. బారువ తీరానికి వెళ్దాం, ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారంది టీచరమ్మ. తల్లులు మొహమొహాలు చూసుకున్నారు.

"ఎప్పుడు వదుల్తారు?"

"తెల్లారగట్ల."

"అయితే వస్తాం. తొమ్మిదింటికి పన్లోకి అందుకుంటే కూలి పోదు."

ఆటోకు ఎంతవుతుందో, మనిషికి ఎంత పడుతుందో బస్సులో కూర్చునే లెక్క వేసేశారు. తాబేలు పిల్లలు కాళ్ల దగ్గరే పాకుతాయి కాబట్టి నన్ను తేవద్దని కూడా అక్కడే తేల్చేశారు.